వజ్రములు దాటిపోయినవి, సమాధులు కదలిపోయినవి

గోలకొండ దుర్గముమీది బాలాహిస్సారునొద్ద నిలిచి చూచినచో గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతముల యున్నతసౌధములు కానవచ్చును. నేడచ్చటికి ఉద్యోగార్థులు దేశముల నలుమూలలనుండి వచ్చుచున్నారు. మూడువందల యేండ్లకు పూర్వమును పరదేశీయు లీ గోలకొండ పేరు విని వచ్చిరి. వారిని రప్పించినవి వజ్రములు. ఆ వర్తకులలో యూదులు ముఖ్యులు. అయినను వారి సమాధులను మనము వెదకవలసినది ఇచ్చట గాదు. వారు కాపురముండి, వజ్రములను ఓడల కెక్కించిన చెన్నపట్టణమున.

వీరు ఇటలీలోని లివోర్నో రేవునుండి పగడములు తెప్పించి, మాఱుగా వజ్రములను లండనునకు పంపుచుండిరి. వారిలో జాక్ డి పైవా యను నతడు గోలకొండ గనులకు బోయి, వ్యాధిగ్రస్తుడై తిరిగివచ్చి, 1687లో మృతినొందెను. పెద్దనాయకనిపేటలోని యూదుల శ్మశానమున అతనిని పూడ్చిరి. ఆ యేడే గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. మఱుసటి యేట నేర్పడిన చెన్నపట్టణ నగరసభలో యూద వర్తకులకును స్థానము లభించెను. కాలక్రమమున గనులు తఱిగెను. బ్రెజిలు వజ్రములు అంగళ్లకు వచ్చెను. యూదుల కుటుంబములు పలుచబడెను.

యూదులు శ్మశానమును హీబ్రూ భాషలో "జీవగృహ" మని పిలుతురు. పూడ్చిన దేహమును కదలింపరాదనుట వారి ధర్మము. కాని టంకసాల వీధిలోని వారి శ్మశానస్థలము ఇరువదవ శతాబ్దమున వేఱొక పనికి కావలసివచ్చెను. సమాధిశిలలు కాసిమేడు చేరెను. అచ్చటనుండియు లేచి, 1983లో లాయిడ్స్ రోడ్డునకు వచ్చెను. నేడచ్చట నున్నవి కొలదిపాటి శిలలు మాత్రమే.

కోహినూరు పేరెఱుగని బాలుడు మన యిండ్లలో లేడు. ఆ వ్యాపారమున ప్రాణము విడిచినవారి పేరెఱిగిన పెద్ద లెందఱు? క్రొత్త కట్టడములు వలదని మే మనము. హైదరాబాదు చుట్టును నేల నిత్యము త్రవ్వబడుచునే యున్నది. త్రవ్వుటకు ముందు అచ్చటి శిలను చదువవలయును. శాసనమునకు ప్రతి వ్రాసికొనవలయును. ఆ మతస్థుల నడుగవలయును. శిలను తీయక తప్పనిచో, పూర్వస్థలమున ఒక ఫలకమైనను నిలుపవలయును. ఇది ధనముతో గూడిన పని గాదు, మర్యాదతో గూడిన పని. సంతతివారు దూరదేశముల కేగిన సమాధికి పొరుగువారే బంధువులు. ఆ బాంధవ్యమును మన పిల్లలకు నేర్పుట మన యిండ్లనుండియే మొదలు కావలయును.