శిశు ఆసనము – పరీక్షకు నిలుచుట

కారులో శిశువునకు ప్రత్యేకముగా ఆసనము నమర్చుట అమెరికాలో 1930 ప్రాంతముననే మొదలైనది. కాని దాని ఉద్దేశము రక్షణ కాదు. బిడ్డ అటునిటు పాకకుండుటకును, కిటికీలోనుండి బయటికి చూచుటకును దానిని చేసిరి. తరువాత వచ్చిన వానిలో ననేకము కారు సీటునకు కొక్కెములతో తగిలించునవే. కారు ఢీకొన్నచో అవి బిడ్డతో సహా ఊడి ముందుకు పడును.

కారణము న్యూటను సూత్రములలోనే కలదు. గంటకు 48 కిలోమీటర్ల, అనగా సెకనుకు 13.3 మీటర్ల, వేగముతో పోవు కారు 0.1 సెకనులో ఆగినదనుకొందము. 10 కిలోగ్రాముల బిడ్డను దానితోపాటు ఆపుటకు సుమారు 1,330 న్యూటన్ల బలము కావలెను. అది 135 కిలోగ్రాముల బరువునకు సమానము. ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులును అట్లు పట్టి నిలుపజాలవు.

1962లో ఇంగ్లండున జీన్ ఏమ్స్, అమెరికాలో లెనార్డ్ రివ్‌కిన్ రక్షణ కొరకే ఆసనములను రూపొందించిరి. 1964లో స్వీడనున బెర్టిల్ ఆల్డ్‌మన్ వెనుకకు తిరిగియుండు ఆసనమును పరీక్షించెను. వ్యోమగాముల ఆసనమే ఆయనకు ఈ ఊహ కల్పించినది. శిశువు తల పెద్దది, మెడ లేతది. ఇట్టి ఆసనములో ఎదుటి తాకిడి బలము వీపంతటను పరచుకొనును.

అమెరికా ప్రభుత్వము 1971లో ప్రమాణమును విధించినను, ఢీకొను స్థితిని కల్పించి పరీక్షింపవలెనను నియమము 1981లో గాని అమలునకు రాలేదు. ఆ పదేండ్లు ప్రమాణమునకు సరిపోయిన ఆసనము కూడ ప్రమాదములో విఫలము కాదను హామీ లేకుండెను.

పగిలిన ఆసనము, తీవ్ర ప్రమాదమునకు లోనైన ఆసనము, కట్లు వదులైన ఆసనము నేటికిని అంతే. చూపునకు గట్టిది వేరు, పరీక్షకు నిలిచినది వేరు.