చీలిన రాయి, కొబ్బరి పీచు చాప: ఎట్టీ హిల్లెసుమ్ డైరీల వెంట నడిచిన కళ

యూరప్‌లోని యూదులను నాజీ జర్మనీ మూకుమ్మడిగా హతమార్చిన హోలోకాస్ట్ కాలంలో రాసిన డైరీలలో, బయటి ఘోరంతోపాటు ఒక మనిషి లోపల ప్రార్థన ఎలా మొలకెత్తిందో కూడా చెప్పినది ఎట్టీ హిల్లెసుమ్ డైరీ. 1914లో నెదర్లాండ్స్‌లోని మిడ్డెల్‌బుర్గ్‌లో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రష్యన్ పాఠాలు చెబుతూ బతికిన ఆమె, అరచేతులు చూసి మనస్తత్వాన్ని విశ్లేషించే యూలియుస్ ష్పీర్ దగ్గర చికిత్స పొందుతున్న రోజుల్లో, 1941 మార్చిలో ఈ రాత మొదలుపెట్టింది.

ఆమె ఆధ్యాత్మికత గుడిలోనో గ్రంథంలోనో పుట్టినది కాదు. మోకాళ్ల మీద వంగడం చేతకాని పిల్లగా తనను తాను చెప్పుకొన్న ఆమె, స్నానాల గదిలో గరుకైన కొబ్బరి పీచు చాప మీద మోకరిల్లడం నేర్చుకొంది. ఆ సంగతి రాసుకోవడానికి సిగ్గుపడుతూనే రాసింది. అదే నోటుపుస్తకాలలో తలనొప్పులు, అసూయలు, ప్రేమలు, ఇంటి వెనుక వానకు రాలిపోయిన మల్లెలు కూడా ఉన్నాయి. ఈ కలగలుపే ఆ రచనకు ప్రాణం. ఆమెను తలచుట్టూ కాంతివలయమున్న పునీతురాలిగా మాత్రమే చూపే చిత్రణ ఏదైనా ఆ ప్రాణాన్ని వదిలేసినట్టే.

తూర్పున ఉన్న మరణశిబిరాలకు తరలించే ముందు యూదులను ఉంచిన వెస్టర్‌బోర్క్ శిబిరానికి 1942లో ఆమె తనంతట తానే సేవకు వెళ్లింది. 1943 సెప్టెంబరు 7న తల్లిదండ్రులతో, తమ్ముడు మిషాతో పాటు ఆమెను ఆ మరణశిబిరాల్లో ఒకటైన ఔష్విట్జ్‌కు వెళ్లే రైలెక్కించారు; కదిలే రైలులోంచి ఆమె విసిరిన పోస్టుకార్డును పొలాల్లోని రైతులు చూసి పోస్టు చేశారు. ఆమె ఆ ఏడాది నవంబరులోనే మరణించింది. స్నేహితుల చేతుల్లో భద్రంగా ఉన్న నోటుపుస్తకాలు మాత్రం అచ్చుకు నోచుకోక, 1981లో గాని పుస్తకంగా రాలేదు. ‘భంగపడిన జీవితం’ అన్న అర్థమిచ్చే పేరుతో వచ్చిన ఆ సంకలనమే తర్వాతి కళాకృతులకు మూలమైంది.

ఆమె బాల్యం గడిచిన డెవెంటర్ పట్టణంలో, ఐసెల్ నది ఒడ్డున, అర్నో క్రామర్ 1985లో ఆ పుస్తకం పేరుతోనే ఒక స్మారకశిల్పం నిలిపాడు. అది ముఖాన్ని చెక్కిన విగ్రహం కాదు, చీలిన రాయి. అమెరికన్ నటి సూసన్ స్టైన్ ఏకపాత్ర నాటకంలో ఎట్టీ మాటలనే వాడి, దాన్ని పాఠశాలలకూ జైళ్లకూ తీసుకువెళ్లింది. ఇజ్రాయెలీ దర్శకుడు హగాయ్ లెవీ 2025లో తీసిన ధారావాహికలో నాటి దుస్తులనూ వీధులనూ పునర్నిర్మించకుండా, కథను నేటి నగరంలా కనిపించే ఆమ్‌స్టర్‌డామ్‌లో నడిపాడు.

వీటిలో రాయే డైరీకి అతి దగ్గరగా ఉంది. ముఖం లేని ఆ రాయి ఆమెకు ఏ పోలికనూ అంటగట్టదు. చీలిక మాత్రం చెరగకుండా ఉంటుంది, దాని పక్కనుంచి నది పారుతూ ఉంటుంది.