వాన ఒప్పుకుంటేనే దారి

మే నెల వచ్చిందంటే ఆస్ట్రేలియా దక్షిణ నగరాల్లో చలి మొదలవుతుంది. రిటైరైన దంపతులు కారు వెనక కారవాన్ తగిలించుకుని ఉత్తరానికి బయల్దేరతారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, మంచినీళ్ల ట్యాంకు అన్నీ ఆ చక్రాల గదిలోనే ఉంటాయి. పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా సాగే స్టువర్ట్ హైవే పొడవు 2,700 కిలోమీటర్ల పైమాటే. ఆలిస్ స్ప్రింగ్స్ దాటిన కాసేపటికే మకరరేఖ బోర్డు కనిపిస్తుంది. అక్కణ్నుంచి పైనంతా ఉష్ణమండలం. ఎర్రమట్టి, మనిషిని మించి పెరిగిన చెదపుట్టలు, మైళ్ల తరబడి యూకలిప్టస్ చెట్లు. దూరాన ఎక్కడో ఒక బంకు, దాన్ని ఆనుకుని ఒక హోటలు, మళ్లీ అదే అడవి.

ఈ దారికి ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటిన అన్వేషకుడు జాన్ మెక్‌డూవల్ స్టువర్ట్ పేరు పెట్టారు. పేరుకు ఆయన అర్హుడే. కానీ దారి ఎటు పోవాలో తేల్చింది ఆయన కాదు, నీళ్లు. ఎండాకాలంలో ఎక్కడ దొరుకుతాయో, వానాకాలంలో ఎక్కడ ముంచుతాయో తెలిస్తే తప్ప ఆ నేల మీద అడుగు ముందుకు పడదు. ఆ సంగతి అక్కడి ఆదివాసులకు వేల ఏళ్లుగా తెలుసు. తర్వాత వచ్చినవాళ్లందరూ ప్రాణాలో పరువో పెట్టి నేర్చుకున్నారు.

స్టువర్ట్ చిన్న బృందంతో, గుర్రాల మీద వెళ్లేవాడు. ఒక మడుగు దొరికాక ముందుకు మనుషుల్ని పంపి, ఇంకో మడుగు కనబడితేనే బిడారు కదిపేవాడు. 1860 జూన్‌లో ఇప్పటి టెన్నంట్ క్రీక్‌కు ఉత్తరాన వారుముంగు ఆదివాసులు ఆయన్ని అడ్డుకుని వెనక్కి పంపారు. ఆ వాగుకు ఆయన అటాక్ క్రీక్ అని పేరు పెట్టాడు. తమ నీళ్ల దగ్గరికి చెప్పాపెట్టకుండా వచ్చిన పరాయివాళ్లని ఆపినవాళ్ల వైపు నుంచి చూస్తే దాన్ని దాడి అనడం నాకు సబబుగా తోచదు. మరుసటి ఏడు న్యూకాజిల్ వాటర్స్ దాకా వెళ్లి, అవతలి ముళ్లపొదల్లో నీళ్లు దొరక్క మళ్లీ వెనక్కి తిరిగాడు. చివరికి 1862 జులై 24న ఉత్తరాన సముద్రం ఒడ్డున నిలబడ్డాడు. తిరుగు ప్రయాణంలో స్కర్వీ జబ్బుతో, చూపు దాదాపు పోయి, రెండు గుర్రాల మధ్య కట్టిన డోలీలో పడుకుని వచ్చాడు.

అదే సముద్రం చేరాలని అదే సమయంలో మెల్‌బోర్న్ నుంచి బయల్దేరిన బర్క్, విల్స్ బృందానికి డబ్బుకు కొదవ లేదు. హిందూస్థాన్ నుంచి ప్రత్యేకంగా ఒంటెల్ని, వాటిని తోలేవాళ్లని తెప్పించుకున్నారు. ఆ తోలేవాళ్లలో సామ్లా అనే హిందువు ఒకడు. బృందంలో పెట్టే మాంసం తినలేక మొదట్లోనే సెలవు తీసుకున్నాడు. ఎడారిలో ఒంటెకు తిరుగు లేదు. కానీ కార్పెంటేరియా సింధుశాఖ దగ్గరపడేసరికి అది వానల నెల. గోలా అనే ఒంటె ఒక వాగులోకి దిగి, గట్టెక్కలేకపోయింది. ఎంత ప్రయత్నించినా లాభం లేక దాన్ని అక్కడే వదిలేశారు. వారాల తర్వాత తిరిగి వస్తుంటే బక్కచిక్కి ఎదురుపడింది. ఒంటె పాదం మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. ఇసుకలో దిగబడకుండా కాపాడే ఆ పాదమే జిగట బురదలో జారిపోతుంది. 1861 ఫిబ్రవరిలో ఒంటెల్ని ఆఖరి మకాంలో ఇద్దరు మనుషులకు అప్పగించి, ఒక్క గుర్రంతో బర్క్, విల్స్ కాలినడకన ముందుకు పోయారు. మడ అడవులు అడ్డుపడి సముద్రాన్ని కళ్లారా చూడకుండానే వెనుదిరిగారు. దారిలోని కూపర్ క్రీక్ మకాంకు చేరేసరికి అక్కడ తమ కోసం కాచుకుని ఉన్న బృందం వాళ్లు అదే రోజు పొద్దున వెళ్లిపోయారు. ఆకలితో బర్క్, విల్స్ ఇద్దరూ చనిపోయారు. సింధుశాఖ దాకా వెళ్లిన నలుగురిలో బతికింది కింగ్ ఒక్కడే. అతనికి తిండి పెట్టి కాపాడింది యాండ్రువాండా ఆదివాసులు.

స్టువర్ట్ వెతికి పెట్టిన మడుగుల వెంబడే 1870లో టెలిగ్రాఫ్ లైను పని మొదలైంది. పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్‌కు సుమారు 3,200 కిలోమీటర్లు, 36,000 స్తంభాలు. దక్షిణ, మధ్య భాగాల పని సాగింది. ఉత్తర భాగం కాంట్రాక్టరు డార్విన్ నుంచి హుషారుగా మొదలుపెట్టాడు. నవంబరుతో వానలు దిగాయి. బళ్లు ఇరుసుల దాకా కూరుకుపోయాయి, తిండి సామాన్లు కుళ్లిపోయాయి. 1871 మార్చిలో కూలీలు సమ్మె కట్టారు, మేలో కాంట్రాక్టు రద్దయింది. చివరికి పథకం పెద్ద చార్లెస్ టాడ్ స్వయంగా వచ్చి, రోపర్ నది మీదుగా ఓడల్లో సామాను చేరవేయించాడు. నేల మీద దారి మూసిన వాన నీళ్లే ఓడలకు దారి ఇచ్చాయి. రెండు కొసలూ కలవక ముందు, మధ్యనున్న ఖాళీలో గుర్రపు రౌతులు తంతి కాగితాలు మోసుకుపోయేవారు. 1872 ఆగస్టు 22న ఫ్రూ పాండ్స్ దగ్గర తీగలు కలిశాయి. ఆ ఏడాది అక్టోబరు నుంచి అడిలైడ్‌లో కొట్టిన తంతి డార్విన్, జావా, సింగపూర్, పెనాంగ్ మీదుగా మద్రాసు చేరి, అక్కణ్నుంచి బొంబాయి, ఏడెన్ దాటి లండన్‌కు పోయేది.  చెక్క స్తంభాల్ని ఉత్తరాన చెదలు తినేస్తే వాటి స్థానంలో ఇనుప స్తంభాలు పాతాల్సి వచ్చింది.

చెదలూ వరదా రెంటినీ గెలిచిన ఒక పనిని ఇక్కడ తలుచుకోవాలి. సింధుశాఖ ప్రాంతంలోని నార్మన్‌టన్ నుంచి క్రోయిడన్ బంగారు గనులకు 1891లో రైలు మార్గం వేశారు. జార్జ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు పట్టాల కింద చెక్క దుంగలకు బదులు లోపల బోలుగా ఉండే ఉక్కు దిమ్మెలు వాడాడు. వరద వస్తే పట్టాల మీదుగా పోతుంది, తీశాక రైలు మళ్లీ నడుస్తుంది. వాననీటికి ఎదురు నిలవకుండా తన మీదుగా దారి ఇచ్చిన పని అది. గల్ఫ్‌ల్యాండర్ అనే ఆ రైలు ఇప్పటికీ తిరుగుతోంది.

టెలిగ్రాఫ్ లైను కాపలా మకాంలకు, పశువుల స్టేషన్లకు, గనులకు పిండీ పంచదారా ఎలా చేరేవి? ఒంటెల మీద. 1866లో థామస్ ఎల్డర్ కరాచీ నుంచి వందకు పైగా ఒంటెల్ని, వాటి వెంట మనుషుల్ని పోర్ట్ ఆగస్టాలో దింపాడు. అందరినీ కలిపి అఫ్గాన్లు అనేసేవారు గానీ వాళ్లలో చాలామంది బలూచిస్తాన్, సింధ్, పంజాబ్, పెషావర్ ప్రాంతాల వాళ్లు. తెల్లవారుజామున ఒంటెల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా సమానంగా బరువు తూచి కట్టేవారు. ఒకవైపు ఎక్కువైతే సాయంత్రానికి వీపు పుండు పడుతుంది. బలమైన మగ ఒంటె 600 కిలోల దాకా మోసేది. ముక్కులో గుచ్చిన కొయ్య చీలకు సన్నటి దారం కట్టి, ముందున్న ఒంటెకు తగిలించేవారు. తాడు కడితే పని సులువే. కానీ ఒంటె తూలిపడితే ముక్కు చీలిపోతుంది, దారమైతే తెగిపోతుంది. ఒక బిడారులో 70 ఒంటెల దాకా నడిచేవి. 1891లో దక్షిణం నుంచి వచ్చిన రైలు మార్గం ఊడ్నడట్టాలో ఆగిపోయింది. 1929లో ఆలిస్ స్ప్రింగ్స్‌కు రైలు వచ్చేదాకా మధ్యలో బరువు మోసింది ఒంటెలే. ఉష్ణమండలంలోని క్లాంకరీ రాగి గనుల ఊళ్లోనూ వాళ్లకు ప్రత్యేకంగా ఒక పేట ఉండేది.

వాళ్లకు దక్కిన ప్రతిఫలం తలుచుకుంటే మనసు మండుతుంది. 1901 వలస చట్టం తెల్లవాళ్లకు తప్ప తలుపులు మూసింది. భార్యల్ని తెచ్చుకోనివ్వలేదు, పౌరసత్వం ఇవ్వలేదు. లారీలు రాగానే బేరాలు పోయాయి. 1925లో సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వం రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగే ఒంటెల్ని కాల్చడానికి చట్టం చేసింది. ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచుకున్నవాటిని చాలామంది కాల్చలేక అడవిలోకి వదిలేశారు. మధ్య ఆస్ట్రేలియాలో ఇవాళ మందలు మందలుగా తిరుగుతున్నవి వాటి సంతానమే.

తారు రోడ్డును రెండో ప్రపంచ యుద్ధం తెచ్చింది. 1940లో దక్షిణ రైలు చివర ఆలిస్ స్ప్రింగ్స్, ఉత్తర రైలు చివర బర్డమ్‌ల మధ్య కొన్ని నెలల్లోనే దారి వేశారు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు వేశాక సైన్యం లారీలు పగలూ రాత్రీ ఆ దారినే నడిచాయి. యుద్ధం ముగిశాక మిగిలిన ఆ రోడ్డే కారవాన్లకు ఉత్తరం తలుపు తీసింది. సౌత్ ఆస్ట్రేలియా భాగంలో మాత్రం 1987 దాకా పూర్తిగా తారు పడలేదు.

ఇప్పుడు ఆ దారిలో ఎదురయ్యేవి 53 మీటర్ల పొడవున్న రోడ్ ట్రైన్లు. ఒక ఇంజను వెనక మూడు నాలుగు ట్రెయిలర్లు. తెలిసిన కారవాన్ వాళ్లు రేడియోలో 40వ చానల్ పెట్టుకుని, వెనక లారీ డ్రైవరు దాటుకుంటానంటే వేగం తగ్గించి దారి ఇస్తారు. వాగులు దాటే చోట రోడ్డు పక్కన కొలత గుంజలు ఉంటాయి. ఆగస్టులో వాటి అడుగున దుమ్ము తప్ప ఏమీ ఉండదు. ఫిబ్రవరిలో అదే గుంజ మీద నీళ్లు రెండు మీటర్ల గీత దగ్గర ఉండొచ్చు. 1998 జనవరిలో కేథరిన్ నది పొంగి ఊళ్లో చాలా భాగం మునిగింది.

మన రైతులు కార్తెల్ని బట్టి విత్తనం వేసినట్టే కాకడూ ప్రాంతపు ఆదివాసులు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కపెట్టుకుంటారు. జనవరి నుంచి మార్చి దాకా గుడ్జెవ్గ్, ముసురు వాన కాలం. ఏప్రిల్‌లో బంగెరెంగ్, ఎత్తుగా పెరిగిన గడ్డిని గాలివానలు నేలకూల్చే కాలం. ఆ తర్వాత యెగ్గే. నేల ఆరుతుంది, గడ్డిని కొంచెం కొంచెంగా తగలబెట్టి శుభ్రం చేస్తారు. కారవాన్లు ఉత్తరానికి చేరేది సరిగ్గా అప్పుడే. అక్టోబరులో గునుమెలెంగ్ మబ్బులు ఉరిమేలోగా దక్షిణానికి తిరుగు ముఖం పడతాయి. స్టువర్ట్ ఆరుసార్లు బయల్దేరి నేర్చుకున్న లెక్కను, టాడ్ ఒక కాంట్రాక్టు పోగొట్టుకుని నేర్చుకున్న లెక్కను ఇవాళ కాకడూ పార్కు ఆఫీసులో గోడ పటం మీద చూసుకోవచ్చు. ఆ పటంలోని పేర్లు బినింజ్ ప్రజల భాషలోవి.