బేడీకి రెండో కొస

1980ల చివర్లో, నాకు ఎనిమిదేళ్ళప్పటి మాట. వేములవాడ నుంచి చందుర్తి పోయే ఎర్రబస్సులో మా ఎదుటి సీట్లో ఒక దొంగ కూర్చున్నాడు. దొంగని మేమే అనేసుకున్నాం. చేతికి బేడీ ఉంది కదా మరి! ఆ బేడీ రెండో కొస పక్కనున్న కానిస్టేబులు ఎడమచేతికుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఇద్దరి చేతులూ కలిసి ఎగిరేవి.

మా అమ్మమ్మ ఒళ్ళో ఉడకబెట్టిన పల్లికాయలున్నాయి. నలుగురిలో ఒక్కతే తినడం ఆవిడకి చేతకాదు. ఇద్దరికీ చెరో గుప్పెడు పెట్టింది. అతను కాయ ఒలవాలంటే కానిస్టేబులు చెయ్యి కూడా అతని ఒళ్ళోకి పోవాల్సిందే. కాసేపు చూసి అమ్మమ్మ ఆగలేక, "ఎవన్ని కట్టేసిండ్రు కొడుకా, గాయన్నా, నిన్నా?" అని అడిగేసింది. "ఇద్దర్నవ్వా" అని నవ్వాడు కానిస్టేబులు. వెంటనే నవ్వు మానేసి, "జర కన్ను మలిగితే నా కొలువు వోతది" అన్నాడు.

కొలువొక్కటే కాదు, జైలు కూడానని పెద్దయ్యాక తెలిసింది. కాపలా ఉద్యోగి అజాగ్రత్త వల్ల ఖైదీ పారిపోతే, ఆ ఉద్యోగికే రెండేళ్ళ దాకా శిక్ష వేయొచ్చని అప్పటి శిక్షాస్మృతి 223వ సెక్షను చెప్పేది. అలాంటప్పుడు ఏ కానిస్టేబులు మాత్రం బేడీ లేకుండా బస్సెక్కుతాడు? సర్కారు జీపు ఇవ్వదు, తోడు ఇంకో మనిషిని ఇవ్వదు. ఇచ్చేదల్లా ఆ ఇనుప కడియాలే.

మా అమ్మమ్మ తరానికి బేడీలు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. వెట్టి వద్దనీ, కూలి పెంచమనీ, దొరల చేతుల్లో చిక్కిన భూములు తిరిగిమ్మనీ అడిగారు. నెలన్నర తిరిగేసరికి, అక్టోబరు 20న, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలని ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్ళలో పోలీసు క్యాంపులు వెలిశాయి. పొద్దున నాట్లకి పోయిన మగమనిషి సాయంత్రం ఇంటికొస్తాడో, స్టేషనుకి పోతాడో తెలియని రోజులవి.

విచిత్రమేమంటే, అదే సంవత్సరం ఆగస్టు 30న సుప్రీంకోర్టు సునీల్ బాత్రా కేసులో, ఖైదీ కూడా మనిషేననీ, ఇష్టం వచ్చినట్టు కాళ్ళకి సంకెళ్ళు బిగించకూడదనీ చెప్పింది. ఆ తీర్పుని పట్టుకుని, ఢిల్లీ తీహార్ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న ప్రేమ్ శంకర్ శుక్లా సుప్రీంకోర్టు జడ్జీకి ఒక టెలిగ్రాం కొట్టాడు. కోర్టు వద్దన్నా నాకు బేడీలు వేస్తున్నారని దాని సారాంశం. అది చివరికి జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. ఆ బెంచీలో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్ళిన మన చిన్నపరెడ్డిగారూ ఉన్నారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఢిల్లీలో అమలవుతున్న పంజాబు పోలీసు నియమాలు ఖైదీలని రెండు తరగతులు చేశాయి. చదువూ, హోదా, మంచి ఇల్లూ వాకిలీ ఉన్నవాడు 'మెరుగైన తరగతి'. అతనికి అవసరమైతేనే బేడీ. మూడేళ్ళు దాటి శిక్ష పడే, బెయిలు రాని కేసయితే మామూలు మనిషికి మాత్రం బేడీ తప్పనిసరి. ఇస్త్రీ చొక్కావాడు పారిపోడనీ, చిరుగు పంచెవాడు పారిపోతాడనీ ఎవరు కనిపెట్టారో! ఆ తేడాని 1980 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది. పారిపోతాడనడానికి గట్టి కారణం ఉంటే తప్ప బేడీ వేయకూడదనీ, వేస్తే ఆ కారణం రాసి జడ్జీకి చూపించాలనీ అంది.

నాకు ఆ తీర్పులో మిగతావాటికంటే నచ్చింది ఇంకొకటుంది. పారిపోతాడని భయమైతే కాపలావాళ్ళని పెంచండి, వాళ్ళకి శిక్షణ ఇవ్వండి, భద్రమైన వాహనంలో తీసుకెళ్ళండి అన్నారు కృష్ణయ్యర్. మా బస్సులోని కానిస్టేబులుకి కావలసిందీ అదే కదా! తీర్పులో సగం, అంటే 'బేడీ వద్దు' అన్న సగం, కింది ఉద్యోగి దాకా వచ్చింది. డబ్బు ఖర్చయ్యే సగం దారిలోనే దిగిపోయింది. ఆ బస్సు ప్రయాణం నాటికి తీర్పు వచ్చి ఏడెనిమిదేళ్ళు.

1995లో కోర్టు ఇంకాస్త బిగించి, మేజిస్ట్రేటు అనుమతి కావాలంది. అయినా బేడీలు పోలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకి వ్యానులో తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తుపాకీ లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. వాళ్ళ చేతులకి బేడీలున్నాయి.

2024 జులై 1 నుంచి అమలైన కొత్త నాగరిక సురక్షా సంహిత, మళ్ళీ మళ్ళీ నేరం చేసేవాళ్ళకీ, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి కేసుల్లోనూ బేడీ వేయొచ్చంది. బిల్లు మొదట పెట్టినప్పుడు ఆ వరసలో ఆర్థిక నేరాలు కూడా ఉండేవి. పార్లమెంటు స్థాయీసంఘం చెప్పాక తీసేశారు. ఆ మాటకి అర్థం మరీ విస్తారమైపోతుందని సంఘం వాదన. కావచ్చు. నాకు మాత్రం ఆ 'మెరుగైన తరగతి' గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కిందటేడు కాదు, నిన్నగాక మొన్న అన్నట్టుంది నాకు, 2025 అక్టోబరు 17. మా ఊళ్ళకి పొరుగునున్న నిజామాబాదులో ప్రమోద్ అనే కానిస్టేబులు, బళ్ళ దొంగతనాల కేసుల్లో దొరికిన మనిషిని స్టేషనుకి తీసుకెళ్తున్నాడు. వ్యానులో కాదు, మోటారు సైకిలు మీద. దారిలో ఆ మనిషి కత్తితో పొడిచాడు. కానిస్టేబులు చనిపోయాడు. మూడు రోజులకి ఆ మనిషి ఆసుపత్రిలో పోలీసు తూటాలకి చనిపోయాడు. అక్కడా, తుపాకీ లాక్కోబోయాడనే పోలీసులు చెప్పారు.

కృష్ణయ్యర్ భద్రమైన వాహనం అని రాసి అప్పటికి 45 ఏళ్ళు.