సిలిండరులో వాయువు: వేడి, చలి ప్రభావం

గట్టిగా మూసిన పాత్రలో వాయువు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఈ సంగతిని కొలిచి చూపినవారిలో తొలివాడు ఫ్రెంచి శాస్త్రవేత్త గియోమ్ అమాంటన్. చిన్నతనంలోనే చెవుడు వచ్చినా పరికరాల తయారీలో ఆరితేరాడు. చల్లని గాలిని మరిగే నీటి వేడికి తెస్తే పీడనం సుమారు మూడోవంతు పెరుగుతుందని 1702 ప్రాంతంలో తేల్చాడు. అదే లెక్కన గాలిని చల్లబరుస్తూ పోతే ఎక్కడో పీడనం సున్నా కావాలన్న ఊహ కూడా ఆయనదే. పరమ శూన్య ఉష్ణోగ్రత భావనకు అది బీజం.

1783లో హైడ్రోజన్ బెలూన్‌లో పారిస్ నుంచి ఎగిరిన జాక్ చార్లెస్ వాయువుల వ్యాకోచాన్ని పరీక్షించాడు గానీ ప్రచురించలేదు. 1802లో గే-లుసాక్ తన ఫలితాలు వెల్లడిస్తూ ఆయనను తలచుకున్నాడు. ఆ వ్యాకోచాన్ని చెప్పే చార్లెస్ నియమానికి ఆ పేరు దక్కింది ఈ నిజాయితీ వల్లే. మూసిన పాత్రకు అమాంటన్ చూపిన లెక్కన 15 డిగ్రీల దగ్గర 150 బార్లకు నింపిన ఆక్సిజన్ సిలిండరు 45 డిగ్రీల ఎండలో సుమారు 165 బార్లు చూపుతుంది. ఉక్కు దాన్ని తేలిగ్గా ఓర్చుకుంటుంది.

ద్రవీకరించిన వాయువుల తీరు వేరు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదని బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ 1869లో నిరూపించాడు. అందుకే రామగుండం వేసవిలో ఆరుబయట పెట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండరులో ద్రవమే మిగలదు.

వంటగ్యాస్ బండలో ఉన్నది ఒత్తిడికి ద్రవమైన ప్రొపేన్, బ్యూటేన్. ద్రవం చుక్క మిగిలినంతవరకూ పీడనం దాని వెచ్చదనాన్ని బట్టే ఉంటుంది. ఒక్క ప్రొపేన్‌నే తీసుకుంటే 20 డిగ్రీల దగ్గర 8 బార్ల పైచిలుకు, 45 దగ్గర సుమారు 15. అసలు ముప్పు ద్రవం ఉబ్బడంలో ఉంది. పైన ఖాళీ లేకపోతే, ఉబ్బే ద్రవానికి చోటు దొరక్క డిగ్రీ డిగ్రీకీ పీడనం బార్ల కొద్దీ ఎగబాకుతుంది. ఇంటి బండను 14.2 కిలోలకు తూచి నింపడం ఆ ఖాళీ కోసమే.

చలి ఇబ్బంది పెళ్లివంటల దగ్గర కళ్లకు కడుతుంది. పెద్ద పొయ్యి ఆపకుండా మండితే, ఆవిరయ్యే ద్రవం అందుకు కావలసిన వేడిని బండ నుంచే లాక్కుంటుంది. ద్రవం ఉన్నమేర బయట చెమట పడుతుంది, మంచు పేరుకుంటుంది, మంట నీరసిస్తుంది. అప్పుడు బండకు సెగ తగిలించడం ప్రాణాంతకం. రెండు మూడు బండలు కలిపి వాడితే ఏ ఒక్కటీ అంతగా చల్లబడదు.