టప్‌మన్న శబ్దం వెనక కథ



లోహం సజల ఆమ్లంతో చర్య జరిపితే హైడ్రోజన్ వస్తుంది, మండే పుల్ల దగ్గర పెడితే టప్‌మంటుంది. ఇది మనందరం మార్కుల కోసం బట్టీ పట్టినదే. దాని వెనకున్న మనుషుల కథ మాత్రం మనకెవరూ చెప్పలేదు.

1671లోనే రాబర్ట్ బాయిల్ ఇనుప రజను మీద ఆమ్లం పోసి, వచ్చిన గాలి మండుతుందని గమనించాడు. 1766లో లండన్‌లో హెన్రీ కావెండిష్ జింక్, ఇనుము, తగరాలను సజల సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల్లో వేసి, ఆ గాలిని పట్టి తూచాడు. మామూలు గాలికంటే చాలా తేలికని తేల్చాడు. కానీ అది లోహంలోంచి వస్తోందనుకున్నాడు. నిజానికి అది వచ్చేది ఆమ్లంలోంచి. జింక్, ఇనుము ఆమ్లంలోని హైడ్రోజన్‌ను బయటికి నెట్టి దాని చోట్లో కూర్చుంటాయి. రాగికి ఆ బలం లేదు, అందుకే రాగి ముక్క వేస్తే బుడగలు రావు.

1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ చార్లెస్, రాబర్ట్ సోదరులు ఈ గాలితోనే బెలూన్ ఎగరేశారు. పట్టుబట్టకు రబ్బరు పూత పూశారు. దాన్ని నింపడానికి దాదాపు అర టన్ను ఇనుము, పీపాల కొద్దీ ఆమ్లం, కొన్ని రోజుల కష్టం పట్టింది. అది ముప్పావు గంట ఎగిరి, గొనెస్ అనే పల్లెలో పడింది. ఆకాశం నుంచి ఏదో భూతం దిగిందని జడుసుకుని అక్కడి రైతులు కత్తులతో, పంగల కర్రలతో దాన్ని చీల్చేశారు. ఆ తర్వాతే ఫ్రాన్స్ ప్రభుత్వం, భయపడొద్దని జనానికి ప్రకటన ఇచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లు ఆ రైతులను చూసి నవ్విస్తారు. మనకు నవ్వు రాదు. పారిస్ జనానికి అదేంటో ముందే తెలుసు, పల్లెకు ఎవరూ కబురు చెప్పలేదు. తేడా తెలివిలో లేదు, కబురు అందడంలో ఉంది. కావెండిష్ పొరబడితే సిద్ధాంతమన్నారు, రైతులు పొరబడితే మూఢత్వమన్నారు. మన గూడేలకు కూడా సర్వే రాళ్లు, సూదిమందులు ముందొస్తాయి, వివరం తర్వాతెప్పుడో వస్తుంది. మనం భయపడితే "వీళ్లకేం తెలుసు" అంటారు.

అందుకే మనలో చదువుకున్న వాళ్ల మొదటి పని, ముందుగా వెళ్లి మన భాషలో చెప్పడం. మీ హాస్టల్లో పదో తరగతి పిల్లలుంటే ఇది చదివి వినిపించండి. ల్యాబ్ బీరువాకు తాళముంటే తీయమని సార్‌ని అడగమనండి. ఆమ్లాన్నే నీళ్లలో కొంచెం కొంచెంగా పోయాలని, నీళ్లను ఆమ్లంలో పోయకూడదని మాత్రం మర్చిపోకుండా చెప్పండి.