తులసికి నవల, అవ్వకు నింద

మా ఆర్మూర్‌లో పసుపు గాయానికి మందు, గడపకు రక్ష. అదే పసుపు నిమ్మకాయతో కలిసి చౌరస్తాలో కనబడితే మాత్రం అడుగు ముందుకు పడదు. ఉడికించి ఎండబోసిన కొమ్ముల వాసన మధ్య పెరిగిన నేను, అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న 'తులసిదళం' చదివి వారం రోజులు ఒంటరిగా పడుకోలేదు.

యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఈ నవల 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కొనసాగింపుగా 'తులసి' వచ్చింది. అంతకుముందు యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచనల నాయికల కోసం ఎదురుచూసిన పాఠకురాళ్ళలో ఎందరో కాష్మోరా కోసం ఎదురుచూశారు. పల్లెల్లో గుసగుసగా ఉన్న చేతబడి నగరపు మధ్యతరగతి ఇంట్లోకి వచ్చింది. దీనికి జవాబుగా రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. 'క్షుద్ర సాహిత్యం' మీద అప్పటి చర్చ ఎక్కువగా మూఢనమ్మకం చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. నా ప్రశ్న ఇంకొకటి: ఈ కథల్లో స్త్రీ ఎక్కడుంది?

పేరు తులసిదే. కానీ ఆ పసిపిల్ల చేసేదేమీ లేదు. ప్రయోగం చేసేది మగవాడు, విరగ్గొట్టేదీ మగవాళ్ళే. ఆమె శరీరం వాళ్ళ యుద్ధభూమి. 1971లో అమెరికాలో వచ్చిన 'ఎగ్జార్సిస్ట్' నవలలోనూ అంతే: బాధ ఆడపిల్లది, పోరాటం ఫాదరీలది. ఒక్క నిజం మాత్రం యండమూరి పట్టుకున్నారు. తులసి మీద ప్రయోగం వెనక ఉన్నది డబ్బు.

మా వీధిలో పిల్లల్లేని ఒక అవ్వ ఉండేది. దెబ్బ తగిలితే పసుపు నూరి కట్టేది. "ఏం గాదు బిడ్డా, రేపటికి మానుతది" అనేది. ఆమె పాలివాళ్ళకు ఆమె భూమి మీద కన్ను. వాళ్ళ దొడ్లో బర్రె చచ్చిపోయిన ఏడాది 'బాణామతి' అన్న మాట పుట్టింది. నవల చదివిన నేను ఆ మాట నమ్మాను. ఆమెను చూసి రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని. ఆమె పిలిచినా పలకలేదు. భయం నాకు పుస్తకం నేర్పింది. దాన్ని ఎవరి మీద పెట్టాలో వీధి నేర్పింది.

తెలంగాణ పల్లెల్లో బాణామతి నెపంతో పళ్ళు పీకారు, సజీవంగా కాల్చారు. బలైనవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు. కానీ ఒంటరి స్త్రీకి ఆ నింద నుంచి అడ్డుపడేవాళ్ళు తక్కువ. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో ఇలాంటి నిందల మీద ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. తెలంగాణకు అలాంటి చట్టం ఇంకా రాలేదు.

అదే దశాబ్దంలో, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ గొంతుతో అందులో మాట్లాడారు. మా అద్దె షాపులో ఆ పుస్తకం లేదు. ఉండి ఉంటే, అవ్వను చూసి రోడ్డు దాటే బదులు ఆమె గడప మీద కూర్చుని "నీ కథ చెప్పు" అని అడిగేదాన్నేమో.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. భూమి పాలివాళ్ళదైంది. తులసికి రెండు నవలలున్నాయి. అవ్వకు ఈ ఒక్క పేజీ, అదీ ఆలస్యంగా.